బెడ్‌రూమ్‌కి చెక్క నేల: టేకా, ఇంజనీర్డ్ వుడ్డా, లామినేటా?

విశాఖలో మా బెడ్‌రూమ్‌కి 8 ఎం.ఎం. లామినేట్ వేయించాం. రెండో వానాకాలంలో గోడలో ఏసీ నీళ్ళు పోయే పైపు ఊడి, రాత్రంతా సన్నగా కారింది. తెల్లారి చూస్తే నేల పైకి పొడిగానే ఉంది, హమ్మయ్య అనుకున్నాం. నాలుగో రోజుకి కిటికీ వైపు పలకల అతుకులు పెదాల్లా పైకి లేచాయి. చీకట్లో నడుస్తుంటే కాలివేళ్ళకి తగిలేవి. ఫ్యాన్ పెట్టాం, ఎండ తగలనిచ్చాం. లేచిన అంచు మళ్ళీ కిందికి దిగలేదు. ఆ గదికి రెండోసారి ఏం వేయించాలా అని నెలరోజులు తిరిగి తెలుసుకున్నదే ఇదంతా.

లామినేట్ పలకని అడ్డంగా కోయించి అంచు చూడండి. లోపల ఉండేది పలక చెక్క కాదు. చెక్క పీచుని జిగురుతో కలిపి వేడి మీద బాగా నొక్కిన బోర్డు అది. దాని మీద చెక్క ఫొటో అచ్చేసిన కాగితం, ఆ పైన మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి పొర. పైపొరకి నీళ్ళంటే భయం లేదు. అతుకులోంచి లోపలికి దిగిన నీళ్ళే ఆ పీచుని ఉబ్బిస్తాయి. ఉబ్బిన పీచు ఎండాక కూడా పాత మందానికి రాదు.

షాపుల్లో "ఇది ఏసీ4 సార్, టెన్షన్ లేదు" అంటారు. అట్టపెట్టె మీద కనిపించే ఈ ఏసీ3, ఏసీ4కి గది చల్లబరిచే ఏసీతో సంబంధం లేదు, పై పొర అరుగుదలకి ఇచ్చే గ్రేడ్లవి. నీళ్ళ సంగతి అవి చెప్పవు. ఇంటి వాడకానికి ఏసీ3 చాలు, పిల్లలుంటే ఏసీ4 తీసుకోండి. నీళ్ళ సంగతి తేల్చుకోవాలంటే శాంపిల్ ముక్క అడిగి తెచ్చుకుని, కోసిన అంచుని గ్లాసు నీళ్ళలో ఒక రాత్రి ముంచి ఉంచండి. రెండు మూడు కంపెనీల ముక్కలు పక్కపక్కన పెడితే, ఏది ఎంత ఉబ్బిందో పొద్దున్నే కంటికి కనిపిస్తుంది. నేను మొదటిసారి ఈ పని చేయకపోవడమే నా పొరపాటు.

ఇక గట్టి టేకు. మన పెద్దవాళ్ళకి చెక్క అంటే ఇదే. 14 అడుగులకి 12 అడుగుల గది అంటే 168 చదరపు అడుగులు. అంగుళం మందం పలక కోయించి, చిత్రిక పట్టించి 20 ఎం.ఎం.కి తేవాలంటే 14 ఘనపుటడుగుల కలప కావాలి, తరుగు కాకుండా. డిపోలో ఈరోజు ధర కనుక్కుని ఆ 14తో గుణించుకోండి. వడ్రంగి కూలి, పాలిష్ దానికి అదనం. చాలామంది ఆ లెక్క దగ్గరే ఆగిపోతారు.

డబ్బు ఉందనుకున్నా, టేకుకి మన ఫ్లాట్లలో ఇంకో చిక్కుంది. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో ఓక్ పలకల నేల చూసి వచ్చి అలాంటిదే కావాలంటాం. అక్కడ చాలా ఇళ్ళకి కింద ప్లైవుడ్ ఉంటుంది, పలకని నేరుగా దానికి మేకు కొట్టేస్తారు. మన కింద ఉండేది కాంక్రీటు, దాని మీద టైల్. మేకు దిగాలంటే ముందు వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ పరవాలి. 12 ఎం.ఎం. ప్లైవుడ్, 20 ఎం.ఎం. పలక, మొత్తం 32. అంటే అంగుళంపావు ఎత్తు పెరుగుతుంది. తలుపులు కింద కోయాలి, గుమ్మం దగ్గర చిన్న మెట్టు వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రాత్రిపూట ఆ మెట్టు తట్టుకునే ప్రమాదం ఉంది.

చెక్క నిలువునా దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. వానల్లో గాలి తేమకి ఉబ్బుతుంది, ఏసీ ఆగకుండా నడిచే రోజుల్లో కుంచించుకుని పలకల మధ్య సందులు ఇస్తుంది. టేకు ఈ విషయంలో చాలా చెక్కల కంటే నెమ్మదస్తురాలు. అయినా వెడల్పు పలకలకి పోకుండా మూడు నాలుగు అంగుళాల్లో ఉంచితే మంచిది. చేవ ఉన్న చెక్కే తీసుకోవాలి. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్క టేకుదే అయినా చెదలు పట్టేస్తాయి. కొనేముందు తేమ మీటరు పెట్టించి, 12 శాతం దాటితే ఆ సరుకు వద్దనండి.

ఇన్ని చెప్పినా ఒక్క సందర్భంలో నేను టేకుకే ఓటు వేస్తాను. ఊళ్ళో తాతగారి పాత ఇల్లు విప్పుతుంటే దూలాలు, వాసాలు వస్తాయి కదా, వాటిని అమ్మేయకండి. ఏళ్ళ తరబడి ఇంటి కప్పు కింద ఆరిన కలప అది, కొత్త కలపలా మెలికలు తిరగదు. పాత మేకులు లోపల దాక్కుని రంపపు పళ్ళు విరిచేస్తాయి కాబట్టి మిల్లుకి తోలేముందు ప్రతి మేకూ పీకించాలి. గీతలు పడ్డా, మసకబారినా పై పొర గీకించి మళ్ళీ పాలిష్ పెట్టొచ్చు, అదీ ఒకసారి కాదు, చాలాసార్లు. మిగతా రకాలకి ఆ ఆయుష్షు లేదు.

ఇంజనీర్డ్ వుడ్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. పైన నిజమైన చెక్క పొర, కింద ఒకదానికొకటి అడ్డంగా అతికించిన ప్లై పొరలు. ఒక పొర పెరగబోతే పక్క పొర పట్టి ఆపుతుంది, అందుకే వానాకాలానికీ ఏసీకీ గట్టి చెక్కంత కదలదు. మందం 14, 15 ఎం.ఎం. ఉంటుంది. టైల్ మీదే పల్చటి ఫోమ్ పరిచి వేసేయొచ్చు, ప్లైవుడ్ అక్కర్లేదు.

కానీ ఈ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కాదు. పలక పక్కకి తిప్పి పై పొర మందం చూడండి. కొన్నింట్లో అది 0.6 ఎం.ఎం. మాత్రమే. గీకించడానికి అక్కడేమీ మిగలదు, లామినేట్ లాగే ఒక్క జన్మే. 3 ఎం.ఎం. పైన ఉంటే ఒకటి రెండుసార్లు గీకించి కొత్తగా చేసుకోవచ్చు. ధరలో తేడా చాలావరకు ఆ పొరలోనే ఉంటుంది. కొందరు కింద ప్లై బదులు లామినేట్‌లో వాడే పీచు బోర్డే పెడతారు. సముద్రం దగ్గర ఇళ్ళకి అది వద్దని నా మాట.

చెక్కలా కనిపించే ఎస్పీసీ కూడా చూశాం. అది సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసింది, చెక్క కాదు. నీళ్ళకి ఉబ్బదు, చెదలు ముట్టవు. మండే ఎండ నేరుగా పడే పెద్ద అద్దాల తలుపు దగ్గర మాత్రం వేడికి పెరిగి ఉబ్బెత్తుగా లేవొచ్చు.

మా ఇంట్లో అసలు సంగతి తేల్చింది అమ్మ. "ఒరే నాన్నా, పండక్కి రెండు బకెట్లు నీళ్ళు పోసి కడగని ఇల్లు ఇల్లేనేటిరా?" అంది. ఆవిడ గదికి ఏ చెక్కా పనికిరాదని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆవిడ తడిబట్టతో తుడిపించుకుంటుంది, దీపం పెడుతుంది, నూనె చుక్క పడితే సబ్బునీళ్ళు పోయిస్తుంది. అక్కడ ఎస్పీసీ వేశాం. మీ ఇంట్లో నేల ఎవరు తుడుస్తారో, ఎలా తుడుస్తారో ముందు చూడండి. బాగా పిండిన బట్టతో తుడిచే గది అయితేనే చెక్క. వంటింటికీ, బాత్‌రూమ్ గుమ్మానికీ వద్దే వద్దు.

అద్దెకిచ్చే ఫ్లాటుకీ, నాలుగైదేళ్ళలో మార్చేద్దామనుకునే పిల్లల గదికీ లామినేట్ చాలు, డబ్బు ఆదా. ఒకటే జాగ్రత్త, నీళ్ళ పైపులన్నీ ముందు పరీక్ష చేయించండి. ఉండబోయే సొంతిల్లు, బడ్జెట్ కాస్త సాగుతుంది అంటే ప్లై అడుగున్న ఇంజనీర్డ్ వుడ్‌ మేలు. మా బెడ్‌రూమ్‌కి 4 ఎం.ఎం. ఓక్ పొర ఉన్నది వేయించాం. మాఘమాసం తెల్లవారుజామున మంచం దిగి పాదం పెడితే టైల్ మీద జివ్వుమనేది, ఇప్పుడు అది లేదు.

ఏది వేయించినా మేస్త్రి దగ్గర నిలబడి రెండు పనులు చూసుకోండి. అట్టపెట్టెలు రెండు రోజులు అదే గదిలో పడుకోబెట్టాలి, ఆ గది గాలికి పలకలు అలవాటు పడాలి. గోడ చుట్టూ దాదాపు 10 ఎం.ఎం. ఖాళీ వదలాలి. అది స్కర్టింగ్ కింద దాగిపోతుంది, వదలకపోతే వానల్లో నేల మధ్యలో పొంగుతుంది. తరుగుకని 10 శాతం ఎక్కువ తెప్పిస్తారు కదా, మిగిలిన పలకలు మేస్త్రిని పట్టుకుపోనివ్వకండి. మూడేళ్ళ తర్వాత అదే షేడ్ దొరకడం కష్టం. మావి ఏడు మిగిలాయి, అటక మీద పెట్టాం.