పాత సెనెకా కొన్నా, ఒక ఆకు తగ్గింది (3/5)

షాపు పేరు రాయట్లేదు, తర్వాత వాళ్ళు బానే సెటిల్ చేశారు. ఇంగ్లండ్‌లో పాత పుస్తకాలమ్మేవాళ్ళు, ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టా. పుస్తకం సెనెకాస్ మోరల్స్, పాతకాలపు రోమన్ తత్వవేత్త సెనెకా రాతల్ని సర్ రోజర్ లెస్ట్రేంజ్ లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చింది, మొదట 1678లో వచ్చింది, నాది ఆ తర్వాతి శతాబ్దపు ప్రింటు. అసలు మనసంతా థామస్ లాడ్జ్ 1614లో చేసిన అనువాదం ఫోలియో (పెద్ద సైజు పుస్తకం) మీదుంది, సెనెకా వచనమంతా ఇంగ్లీషులో ఒక్కచోటికి వచ్చింది దాంతోనే, కానీ రేటు చూశాక వైరాగ్యం సెనెకాని చదవకుండానే వచ్చేసింది. లెస్ట్రేంజ్‌ది వందేళ్ళు దాటినా మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉన్నారు కాబట్టి లేట్ ఎడిషన్లు మనలాంటోళ్ళకి అందుతాయి.

ప్యాకింగ్ సూపర్. తోలు అట్ట అంచుల్లో పొడిపొడిగా రాలుతోంది, అది ముందే చెప్పారు. కాగితం మాత్రం గట్టిగా ఉంది, గుడ్డపీలికలతో చేసింది కదా, మా ఇంట్లో 1950ల తెలుగు పుస్తకాలే ముట్టుకుంటే విరుగుతున్నాయి. ఎస్ చాలాచోట్ల ఎఫ్ లాగా ఉంటుంది, అరసున్నాలూ బండి ఱలూ చదివినోళ్ళకి అదో లెక్కా.

గొడవల్లా లిస్టింగ్‌లో 'కంప్లీట్' అని రాయడం దగ్గరే. పేజీల అడుగున ఎ, బి, సి అని గుర్తులుంటాయి, కలిపి కుట్టే ఒక్కో కాగితాల కట్టకి ఒక్కో అక్షరం, అవి లెక్కపెడుతుంటే ఐ తర్వాత కె వచ్చేసింది, జె కట్ట మొత్తం పోయిందని కంగారుపడి మెయిల్ కొట్టబోయా, తీరా చూస్తే అప్పటి ప్రింటర్లు ఈ గుర్తులకి జె, డబ్ల్యూ వాడరట, పరువు దక్కింది. హమ్మయ్య అనుకుని కోపం గురించిన భాగం చదువుతున్నా. ప్రతి పేజీ అడుగున కుడి మూల తర్వాతి పేజీ మొదటి మాట ముందే వేసుంటుంది, వరస తప్పకుండా. ఒకచోట ఆ మాట పక్క పేజీతో కలవలేదు, పేజీ నంబర్లు చూస్తే రెండు ఎగిరాయి. ఆకు లేదు! అదీ కోపం చాప్టర్లో.

ఫోటోలు పంపితే మర్నాడే రిప్లై, వెనక్కి పంపండి లేదా మూడో వంతు డబ్బులు తీసుకోండి అన్నారు. డబ్బులే తీసుకున్నా. ఎలాగూ లెస్ట్రేంజే సెనెకాని కోసి కుదించి తన వరసలో పేర్చుకున్నాడు, సంక్షేపం అని టైటిల్లోనే ఒప్పుకున్నాడు, పైగా ఆయన ఉద్యోగమే ప్రభుత్వం తరఫున పుస్తకాల సెన్సారు, కత్తెర చెయ్యి మరి. మక్కీకి మక్కీ కావాలంటే లాడ్జే, అందులోనూ 1620లో సరిదిద్ది వేసింది చూడండి.

లిస్టింగ్ రాసినాయన ఆకులు లెక్కపెట్టుంటే 5 ఇచ్చేవాణ్ణి.