సొంత పాటకి మాస్టరింగ్: మనమే చేసుకోవాలా, సాఫ్ట్‌వేర్‌కి వదలాలా, ఇంకొకరికి ఇవ్వాలా?

మిక్స్ (గొంతూ వాయిద్యాలూ సరిగ్గా కలిపే పని) అయిపోయింది, సింగర్ ఓకే అన్నాడు, వచ్చే వారమే రిలీజ్. మిగిలింది మాస్టరింగ్, అంటే కలిపిన పాట మొత్తాన్ని రిలీజ్‌కి ముందు ఆఖరుసారి సరిచేయడం. ఇంట్లో పాటలు చేసుకునేవాళ్లందరికీ అప్పుడే మొదలవుతుంది టెన్షన్. ఉన్న ప్లగిన్లతో (సౌండ్ సరిచేసే చిన్న సాఫ్ట్‌వేర్లతో) మనమే కానిచ్చేద్దామా, ఆన్‌లైన్ సర్వీసులో వేద్దామా, డబ్బులిచ్చి ఇంజినీరుకి పంపుదామా? నేను మూడూ చేశాను. వేరేవాళ్ల పాటలకి మాస్టరింగ్ చేసి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నాను కూడా. అయినా నా పాట మాత్రం నేను ముట్టుకోను.

టూల్స్ లేక కాదు. బేస్, ట్రెబుల్ సరిచేసే ఈక్వలైజర్, గట్టి చోట్లని తగ్గించే కంప్రెసర్, సౌండ్ ఒక హద్దు దాటకుండా నొక్కిపెట్టే లిమిటర్ ఇప్పుడు ఎవరి లాప్‌టాప్‌లో చూసినా ఉంటాయి. చిక్కంతా గదితోనే. నా గది పొడవు పదడుగులు. అంత గదిలో 56 హెర్ట్జ్ దగ్గర బేస్ గోడల మధ్య ఇరుక్కుంటుంది. గోడ పక్కన నిలబడితే గుయ్యిమంటుంది, గది మధ్యలో కూర్చుంటే దాదాపు వినపడదు. నా కుర్చీ సరిగ్గా మధ్యలో. ఒక మాస్ పాటకి కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) చాలట్లేదని మిక్స్‌లో పెంచాను. మాస్టరింగ్‌లోనూ చాలట్లేదనిపించి ఇంకాస్త పెంచాను. అదే కుర్చీ, అదే గది మరి. ఫ్రెండ్ కారులో పెడితే డోర్లు గడగడలాడాయి, పల్లవిలో ఒక్క మాట అర్థం కాలేదు.

పైగా అప్పటికి ఆ పాటని కొన్ని వందలసార్లు వినుంటాం. చరణంలో ‘స’ అక్షరం చెవిలో గుచ్చుతున్నా మనకి అలవాటైపోయి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌కి ఈ అలసట లేదు. 2014లో లాండర్ అనే ఆన్‌లైన్ మాస్టరింగ్ సర్వీసు వచ్చింది, 2023లో పాటలు చేసుకునే లాజిక్ ప్రో సాఫ్ట్‌వేర్‌లోనే మాస్టరింగ్ అసిస్టెంట్ పెట్టేశారు. టీ తాగేలోపు పని అయిపోతుంది. క్లయింటుకి వినిపించే డెమోకి, వారం వారం ఛానెల్‌లో పెట్టే భజనలకి అంతకన్నా అక్కర్లేదు. కానీ మన మనసులో ఏముందో దానికి తెలీదు. ఈ రెండూ కాని వేరే సర్వీసులో, తంబూరా మీద మెల్లగా ఆలాపనతో మొదలయ్యే పాట వేశాను. ఆలాపనని పల్లవితో సమానంగా లేపేసింది. తంబూరాతో పాటు గదిలో ఏసీ హోరు కూడా పైకొచ్చింది.

మంచి ఇంజినీరైతే ముందు ఫోన్ చేస్తాడు. “తమ్ముడూ, కిక్కూ బేస్ గిటారూ కొట్టుకుంటున్నాయి. కిక్ రెండు డీబీలు తగ్గించు, మాస్టర్ చానెల్‌లో లిమిటర్ తీసేసి 24 బిట్ వేవ్ ఫైల్ మళ్లీ పంపు.” నన్నడిగితే మనం ఇచ్చే డబ్బులో సగం ఆ ఫోన్‌కాల్‌కే. లిమిటర్ మాట ఊరికే అనరు. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ సౌండ్ నలిగిపోయిందని అభిమానులు గోల పెడితే, మిక్స్ తన దగ్గరికొచ్చేసరికే అలా ఉందన్నాడు మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సన్.

అలాగని ఇంజినీరని బోర్డు పెట్టిన ప్రతివాడికీ ఇవ్వకండి. “అందరి పాటలకన్నా గట్టిగా వినిపిస్తా” అంటే అక్కడి నుంచి లేచి రండి. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తుంది. మైనస్ 8కి నొక్కి పంపితే 6 డీబీలు తగ్గించేస్తుంది. గట్టిదనం పోతుంది, చదునైపోయిన డ్రమ్స్ మాత్రం అలాగే ఉంటాయి. ఎన్ని కరెక్షన్లు ఫీజులో కలిసి ఉన్నాయో కూడా ముందే అడగండి. మిక్స్ చేసినవాడే అదే గదిలో మాస్టరింగూ చేస్తానంటే, పైన చెప్పిన నా కిక్ కథే మళ్లీ.

బడ్జెట్ లేదా? నాకూ చాలాకాలం లేదు. నాలాగే ఇంట్లో పాటలు చేసే ఫ్రెండ్‌తో మాట్లాడుకున్నాను. వాడి పాట నేను, నా పాట వాడు, పైసా లేదు. వాడి దగ్గరున్నవీ నా దగ్గరున్న ప్లగిన్లే, స్పీకర్లు నావాటికన్నా చవక. కానీ వాడి గది పద్నాలుగడుగులు. నా కుర్చీలో వినపడని కిక్ వాడికి మొదటిసారికే తగులుతుంది.