రోజుకి నాలుగు వేలు అనుకున్నాం, ఒక్క రోజూ సరిగ్గా నాలుగు వేలు కాలేదు

ఫిబ్రవరిలో మేం ముగ్గురం, అంటే నేను, మా ఆయన, మా అత్తయ్య, విజయవాడ నుంచి కుంభకోణం, తంజావూరు, మధురై, రామేశ్వరం ఆరు రోజుల్లో చూసొచ్చాం. డబ్బుల సంచీ నా దగ్గర. బయల్దేరే ముందు మా ఆయన కాగితం మీద రోజుకి నాలుగు వేలు, ఆరు రోజులకి ఇరవై నాలుగు వేలు అని రాసి కింద గీత కొట్టేశారు. రైలు టిక్కెట్లు ముందే తీసేశాం కాబట్టి అవి ఈ లెక్కలో లేవు. తిరిగొచ్చి చూస్తే 26,350 అయింది. పెద్దగా దాటలేదు కదా అనిపిస్తుంది గానీ రోజువారీ చూస్తే 4,600, 3,100, 3,400, 4,500, 6,900, 3,850. సగటు తీసి జేబులో పెట్టుకుంటే రామేశ్వరంలో దిగిన రోజు చేతిలో డబ్బులు చాలవు, అదీ సంగతి.

మొదటి రోజు తప్పు పూర్తిగా మాదే. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి చెన్నై సెంట్రల్లో దిగి, పదేళ్ల కింద వచ్చిన అలవాటులో కోయంబేడు బస్టాండుకని మెట్రో ఎక్కి వెళ్ళిపోయాం. అక్కడికెళ్ళాక తెలిసింది, దక్షిణం వైపు బస్సులన్నీ 2023 డిసెంబర్ చివర్లో తెరిచిన కిలాంబాక్కం బస్టాండుకి మారిపోయాయని. అది ఊరికి ఆ చివర, వండలూరు దాటాక. సిటీ బస్సులు ఉన్నాయి గానీ మూడు బ్యాగులు, మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య, ఇక క్యాబ్ పెట్టుకుంటే 850 అయింది. మీరు వెళ్తే సెంట్రల్ ఎదురుగా రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో చెంగల్పట్టు వైపు వెళ్ళే లోకల్ ఎక్కండి, వండలూరులో దిగితే అక్కణ్ణుంచి బస్టాండు దగ్గరే. చిల్లర డబ్బులతో పోయే పని.

కుంభకోణంలో రాత్రి పదకొండున్నరకి దిగాం, మూడు మంచాల గది, ఏసీ లేదు, 1,300, పైన 5 శాతం జీఎస్టీ. (2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు గదులకి 12 శాతం కాస్తా 5 అయింది, ఇలా వరసగా నాలుగైదు రాత్రులు లాడ్జీల్లో ఉండేవాళ్ళకి అది తెలుస్తుంది.) గది చిన్నది, బాత్రూంలో కొళాయి కారుతూనే ఉంది, కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పొద్దున్నే వేన్నీళ్ళ బకెట్టు తలుపు దగ్గరికి తెచ్చి పెట్టారు. మూడు రాత్రులూ అక్కడే ఉన్నాం, తంజావూరు కూడా అక్కణ్ణుంచే వెళ్ళొచ్చాం. ఇది మాత్రం మేం చేసిన మంచి పని. తంజావూరు నలభై కిలోమీటర్లు, బస్సులో గంట పైన. గది మారితే సామాను సర్దడం, ఆటో, కొత్త లాడ్జిలో బేరం, వీటన్నిటికీ పూట పోతుంది, పూట పోతే డబ్బులూ పోతాయి.

కుంభకోణం ఎందుకు చవక అంటే చూడాల్సినవి దగ్గరదగ్గరగా ఉండటం ఒకటి, టౌన్ బస్సులు ఇంకోటి. తమిళనాడులో మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకి 2021 నుంచి టికెట్ లేదు. పక్కనే ఉన్న దారాసురం వెళ్ళేటప్పుడు నేను ఆధార్ కార్డు తీసి పట్టుకున్నాను, కండక్టర్ దానివైపు చూడనైనా చూడకుండా ముందుకు వెళ్ళిపోయాడు, మా ఆయన ఒక్కరే టికెట్ కొన్నారు. ఊరి నుంచి ఊరికి వెళ్ళే బస్సులకి ఇది లేదు, అక్కడ అందరికీ టికెట్టే. దారాసురం ఐరావతేశ్వరాలయం గురించి ఒక్కటే చెప్తాను, రాతి చక్రాలూ గుర్రాలూ ఉన్న ఆ మండపం దగ్గర మేం గంట కూర్చున్నా మొత్తం పదిహేను మంది రాలేదు. రూపాయి ఖర్చు కాలేదు.

అసలు ఖర్చు ఇక్కడ కాఫీకే. ఇత్తడి దబరాలో, అంచుదాకా నురగతో, చిక్కటి డిగ్రీ కాఫీ. అత్తయ్య ఇంట్లో రోజుకి ఒక్క కాఫీయే తాగుతారు, ఇక్కడ మూడు. ముగ్గురికి మూడేసి సార్లు, ఒక్కోటి పాతిక, రోజుకి 225. మా ఆయన కాగితంలో కాఫీ అనే మాటే లేదు.

తంజావూరు పెద్ద గుడికి టికెట్ లేదు. వెయ్యేళ్ళ కిందటి రాజరాజ చోళుడి కట్టడం, 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. కానీ మధ్యాహ్నం వెళ్ళకండి. గర్భాలయం పన్నెండు దాటాక మూసి నాలుగింటికి తీస్తారు, ఆవరణ తీసే ఉన్నా చెప్పుల్లేకుండా ఆ రాళ్ళ మీద నడవలేం. మేం పొద్దున తిరువయ్యారు వెళ్ళాం, తంజావూరు నుంచి పదమూడు కిలోమీటర్లు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి, దానికి ఎదురుగా ఆ గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ సమాధి. ఆరాధన రోజుల్లో కాకుండా వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు. అత్తయ్య 'ఎందరో మహానుభావులు' సన్నగా పాడుతుంటే ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి నిలబడింది. తర్వాత ఆకులో భోజనం చేసి, సాయంత్రం ఎండ తగ్గాక పెద్ద గుడికి. ఆ రోజుకి 3,400.

ఇక మధురై, రామేశ్వరం. నెలరోజులైనా నాకు కడుపు మండే చోటు ఇదే. మధురైలో స్టేషన్ దగ్గర పెరుమాళ్ మేస్త్రి వీధిలో గది తీసుకున్నాం, 1,900. ఆ వీధి నిండా లాడ్జీలే, గుడికి నడిచే దూరం. కౌంటర్లో ఉన్నాయన మా మాటలు విని తెలుగులో పలకరించాడు. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారట, రాయడం చదవడం మాత్రం రాదట. నాయక రాజుల కాలంలో వెళ్ళినవాళ్ళ తాలూకు కాబోలు. 24 గంటల చెకౌట్ అని ఆయనే గట్టిగా చెప్పాడు కూడా. దిగింది పన్నెండింటికి. గుడి నాలుగింటిదాకా తీయరు కాబట్టి తిరుమల నాయకర్ మహల్ చూసి, జిగర్‌తండా తాగి, సాయంత్రం ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికెళ్ళాం. రాత్రి స్వామిని పల్లకిలో అమ్మవారి సన్నిధికి తీసుకెళ్ళే సేవ చూడకుండా రావద్దు. గదికొచ్చేసరికి పది దాటింది.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా ఆ గది మాదే. మేమేం చేశాం? పొద్దున్నే తీర్థ స్నానాలు చేసేయాలని రాత్రి మూడింటికి లేచి బస్సెక్కాం. ఏడింటికి రామేశ్వరంలో దిగితే, ఆన్‌లైన్లో 2,200కి బుక్ చేసిన గది పన్నెండింటి నుంచేనట, ఇప్పుడే కావాలంటే సగం అద్దె కట్టమన్నారు. 1,100 కట్టాం. అంటే ఒకే పొద్దుటికి రెండు ఊళ్ళలో గది అద్దె కట్టి, ఒక దాంట్లో నాలుగు గంటలే పడుకున్నామన్నమాట. బుకింగ్ యాప్‌లో రేటు పక్కన చెకిన్ టైం చూడని పాపానికి ఇది.

రామేశ్వరంలో ఇరవై రెండు తీర్థాలకి టికెట్ మనిషికి 25 రూపాయలే. బకెట్టుతో తోడిపోసే మనిషి విడిగా దొరుకుతాడు, ముగ్గురికి ఆరు వందలు తీసుకున్నాడు, నాలుగు వందలకి ఒప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది. ముందు సముద్రంలో మునిగి, ఆ తడి చీరతోనే లోపల బావి నుంచి బావికి. పన్నెండో బావికి అత్తయ్య పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, అయినా లెక్క తప్పలేదు, నేనే తప్పాను. తడిబట్టలతో స్వామి దగ్గరికి వెళ్ళనివ్వరు, పొడిబట్టలు విడి సంచీలో పెట్టుకోండి. ధనుష్కోటికి ఆటో 900, 1964 తుఫానుకి కూలిపోయిన చర్చి, స్టేషన్ గోడలు చూసి నేల అంతమయ్యే కొస అరిచల్‌మునై దాకా. ఆ రోజు 6,900, అందులో నాకు మనస్ఫూర్తిగా నచ్చనిది ఆ 1,100 ఒక్కటే.

మర్నాడు తెల్లవారుజామున స్ఫటిక లింగ దర్శనం. రాత్రి రైలు కొత్త పాంబన్ వంతెన మీదుగా వచ్చింది, అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని చీకట్లో ఏమీ కనపడక విసుక్కున్నారు.

మళ్ళీ వెళ్తే కుంభకోణం మూడు రాత్రులూ అలాగే ఉంచి, మధురైలో మర్నాడు మీనాక్షమ్మ పొద్దుటి దర్శనం చేసుకుని, పదకొండున్నరకి గది వదిలి, సాయంత్రం నాలుగింటికి రామేశ్వరం చేరతాం. తీర్థాలు ఆ మర్నాటికి. రోజు ఒకటి పెరుగుతుంది, నిజమే, కాగితంలో అది 4,000 అని రాయొచ్చు. కాఫీకి విడిగా రాయాలి.