కొత్త కిటికీలు: సొంతంగా బిగించుకోవడమా, పనివారికి అప్పగించడమా?

ముందుగా ఖర్చు చూద్దాం. సొంతంగా బిగించుకుంటే కూలి మిగులుతుంది. కానీ డ్రిల్లు, రసమట్టం, సీలెంట్ గన్ను (సందులను మూసే జిగురును నింపే పనిముట్టు) లేనివారు వాటిని కొనాలి లేదా అద్దెకు తేవాలి కనుక, ఒకటి రెండు కిటికీలకైతే ఆ మిగులు నామమాత్రమే. పనివారికి అప్పగిస్తే కూలి తప్పదు, పనిముట్లు మాత్రం వారే తెచ్చుకుంటారు.

శ్రమలో అసలు తేడా కొలతల దగ్గరే వస్తుంది. గోడలో వదిలిన ఖాళీ వెడల్పును పైన, మధ్యలో, కింద కొలిచి, వాటిలో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఫ్రేమును నిలబెట్టాక రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయో లేదో టేపుతో చూడాలి, ఎందుకంటే కొద్ది మిల్లీమీటర్ల తేడా వచ్చినా రెక్క ఒక మూల రాసుకోవచ్చు. అనుభవం ఉన్నవారికి ఇది చేతి అలవాటు. కొత్తవారికి ఓపికకు పరీక్ష.

ప్రమాదం ఎక్కువగా నీటితోనే. కింది గట్టు బయటికి వాలి ఉండాలి. ఫ్రేము అడుగున నీరు పోయే రంధ్రాలను సీలెంటుతో మూసేయకూడదు. ఫ్రేముకూ గోడకూ మధ్య సందులో బాగా ఉబ్బే ఫోమును దట్టంగా నింపితే ఫ్రేము లోపలికి వంగుతుంది. పనివారూ ఈ పొరపాట్లు చేస్తారు (తొందరలో ఉంటే మరీనూ), అయితే సరిదిద్దమని వారిని అడగవచ్చు. పైగా కొన్ని కంపెనీల వారంటీ బిగింపు తీరుపైనా ఆధారపడుతుంది. ఆ షరతు కొనకముందే చదవాలి.

నేలమీద నిలబడి అందుకోగల చిన్న కిటికీలైతే, సాయానికి మరొకరు, తగినంత తీరిక ఉంటే, సొంతంగా బిగించుకోవచ్చు. పై అంతస్తు, బరువైన రెండు పొరల గాజు, లేదా గోడలోని ఖాళీయే వంకరగా ఉన్నచోట పనివారికే అప్పగించడం మేలు.