మేఫ్లై డింభకాలను గుర్తించడానికి మడత భూతద్దం: ఏడాది వాడిన అనుభవం

కడపలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తున్న నేను, మేఫ్లై అనే రెక్కల పురుగు డింభకాలను, అంటే నీటిలో పెరిగే దాని పిల్లలను, వాగు ఒడ్డునే గుర్తించడం నేర్పడానికి నిరుడు రెండు మడత భూతద్దాలు తెప్పించాను. 10 రెట్ల దానికి రూ. 380, 30 రెట్లు అని ముద్రించిన దానికి రూ. 290 పడింది. ఈ పనికి మొదటిది తప్పక కొనదగినది, రెండవది పనికిరాదు.

10 రెట్ల అద్దాన్ని కంటికి ఆనించి పట్టుకుంటే సుమారు 2.5 సెంటీమీటర్ల దూరంలోని పురుగు స్పష్టంగా కనిపిస్తుంది కనుక, పళ్ళెంలో కొద్దిగా నీళ్ళుంచి దానిని బతికుండగానే పరిశీలించవచ్చు. 30 రెట్ల దానిని దాదాపు నీటికి తాకించవలసి వస్తుంది. పైగా మన తల నీడే పురుగుపై పడుతుంది.

గండి దగ్గర పాపాఘ్నిలో ఒక గుండ్రాయిని తిరగేసినప్పుడు, బియ్యపుగింజంత కూడా లేని ఒక డింభకం దొరికింది. తోకపోగులు మూడున్నాయని విద్యార్థులు వెంటనే మేఫ్లై అన్నారు. తోకలను బట్టి మాత్రమే తేల్చకూడదు: కొన్ని మేఫ్లైలకు రెండే ఉంటాయి, సన్నతూనీగ పిల్లకు చివర మూడు ఆకులవంటి మొప్పలుంటాయి. అద్దంలో పొట్ట పక్కల మొప్పలను, ప్రతి కాలికొసన ఒకే గోరును చూసిన తరువాతే నేను ఒప్పుకున్నాను. మేఫ్లైలాగే నీటిలో పెరిగే మరో పురుగు స్టోన్‌ఫ్లై పిల్లకైతే రెండు గోళ్ళుంటాయి. ఆ పురుగు పొట్టమీద చదరపు రేకులు రెండు, వెనుక మొప్పలను తలుపుల్లా కప్పి ఉన్నాయి. బురద పడకుండా కాపాడే ఆ రేకులే కీనిడే కుటుంబానికి గుర్తు. దొరికిన పురుగులను బట్టి నీటి నాణ్యతను అంచనా వేసే, బ్రిటన్‌లో రూపొందిన పద్ధతిలో కాలుష్యాన్ని తట్టుకోలేని కుటుంబాలకు ఎక్కువ మార్కులు. మేఫ్లై కుటుంబాల్లోనే కీనిడేకు 7, బీటిడేకు 4, రాళ్ళకు అతుక్కునే చదును హెప్టజెనిడేకు 10 మార్కులు ఇస్తారు గనుక, కుటుంబం తప్పితే నీటిపై తీర్పే తప్పుతుంది.

ప్రజాతి దాకా వెళ్ళాలంటే నోటి భాగాలను సూక్ష్మదర్శినిలో చూడక తప్పదు. అది ఈ అద్దం చేయగల పని కాదు. దీని లోపాలు రెండు: అంచుల్లో బొమ్మ మసకబారుతుంది, మడత దగ్గరి మర ఇప్పటికి రెండుసార్లు వదులైంది. మూడు కటకాలు అతికించిన రకంలో అంచు మసక తక్కువగా ఉంటుంది, ధర భరించగలిగితే దానినే తీసుకోండి.

ఈ ఏడు విద్యార్థుల కోసం 10 రెట్లవే మరో ఆరు తెప్పించి, తడిచేతుల్లోంచి జారి రాళ్ళ సందుల్లో పడిపోకుండా ఒక్కోదానికి మెడలో వేసుకునే తాడు కట్టించాను.