ఆరడుగుల బల్ల మీద కవచ రైలు: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

లేజర్‌తో కోసిన ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన) పలకల కిట్‌తో కట్టిన కవచ రైలును, అంటే ఇనుప కవచంతో ఫిరంగులు మోసే యుద్ధ రైలు నమూనాను, కొన్నేళ్లుగా 28 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలతో వార్‌గేమింగ్‌లో (బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలో) వాడుతున్నాను. మధ్యలో ఇంజను, దానికి అటూ ఇటూ ఒక్కో ఫిరంగి బోగీ, అన్నిటికీ ముందు గోడలు లేని ఒక చదును బోగీ ఉంటాయి. మా ఆటలకు నేపథ్యమైన ప్రత్యామ్నాయ చరిత్రలో 1921 మార్చి 18న పోలండ్‌కూ సోవియట్ పక్షానికీ రీగాలో సంధి కుదరలేదు. యుద్ధం 1930ల దాకా కొనసాగింది. ఈ రైలుతో ఎన్నో ఆటలు ఆడిన మీదట నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: కవచ రైలు ఉన్న ఆటను నడిపించేవి పట్టాలు. కిట్ ఎంపిక, బల్ల అమరిక, నియమాలు అన్నీ వాటి నుంచే మొదలుకావాలి.

ముందుగా పరిమాణం సంగతి. ఒక్కో బోగీ దాదాపు జానెడు పొడవుంటుంది కాబట్టి, నాలుగూ కలిపితే రైలు ఆరడుగుల బల్లలో ఇంచుమించు సగం ఆక్రమిస్తుంది. నిజమైన కవచ రైళ్లలో వెనుక కూడా చదును బోగీని తగిలించడం పరిపాటే అయినా, చోటు చాలక నేను దాన్ని వదిలేశాను. పట్టాలను బల్ల పొడవునా తిన్నగా కాకుండా ఒక మూల నుంచి ఎదురు మూలకు వేస్తే రైలు కదలడానికి చోటు పెరుగుతుంది, ఫిరంగులకు బల్ల మొత్తం ఒకే చూపులో దొరకకుండానూ ఉంటుంది.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, విషయంలో లెక్క వేసుకోవడం అవసరం. 28 మిల్లీమీటర్ల బొమ్మలను సాధారణంగా 1:56 నిష్పత్తిగా తీసుకుంటారు. ఆ నిష్పత్తిలో 1435 మిల్లీమీటర్ల యూరప్ గేజి సుమారు 25.6 మిల్లీమీటర్లకూ, అప్పటి 1524 మిల్లీమీటర్ల రష్యా గేజి సుమారు 27 మిల్లీమీటర్లకూ వస్తుంది. మోడల్ రైళ్ల ‘ఓ’ (O) గేజి 32 మిల్లీమీటర్లు, ‘హెచ్‌ఓ’ (HO) గేజి 16.5 మిల్లీమీటర్లు, వీటిలో మొదటిది ఎక్కువ, రెండోది మరీ తక్కువ. అయినా ‘ఓ’ గేజి పట్టాలే కంటికి నప్పుతాయి, ఎందుకంటే ఈ కొలత బొమ్మలు ఎత్తుకు మించి లావుగా ఉంటాయి, పైగా పీఠాల మీద నిలబడి ఇంకాస్త పెద్దవిగా కనిపిస్తాయి. రైలు కోసమే ఈ ఆటలోకి కొత్తగా వచ్చేవారికి మాత్రం నేను 15 మిల్లీమీటర్ల బొమ్మలనే సిఫారసు చేస్తాను. 1:100 నిష్పత్తిలో రష్యా గేజి 15.24 మిల్లీమీటర్లు అవుతుంది కాబట్టి హెచ్‌ఓ పట్టాలు దాదాపుగా సరిపోతాయి. రైలు పొడవు కూడా బాగా తగ్గి, బల్ల మీద యుద్ధానికి చోటు మిగులుతుంది.

మన్నిక విషయానికి వస్తే, ఎండీఎఫ్ మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. పలకల కోసిన అంచులు రంగునూ తేమనూ పీల్చి ఉబ్బుతాయి. నీళ్లు కలిపిన పీవీఏ జిగురును ముందుగా అంచులకు పూసి ఆరనిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. పలక మీద లేజర్‌తో గీసిన రివెట్లు మాత్రం లోతు లేనివి, రంగుకు ముందు వేసే ప్రైమర్ కాస్త మందంగా పడితే చాలు, మాయమవుతాయి. బోగీలను కలిపే కొక్కేలు ఈ కిట్‌లో బలహీనమైన భాగం. అవి విరిగిపోయాక తీగతో కొత్తవి చేసుకున్నాను. టరెట్లను (ఫిరంగి ఉండే, తిరిగే గోపురాలను) అయస్కాంతాలతో నిలిపితే తిప్పడమూ, విడదీసి భద్రపరచడమూ సులువు. చక్రాలు తిరగకపోవడాన్ని నేను లోపంగా చూడను. రైలు పెట్టినచోటే ఉంటుంది.

అసలు విషయం నియమాలది. రైలును పెద్ద ట్యాంకుగా లెక్కగట్టి, దానికి భారీ కవచాన్నీ నాలుగైదు ఫిరంగులనూ ఇచ్చి ఊరుకుంటే, రైలు లేని ఆటగాడు చేయగలిగింది ఏమీ ఉండదు. చరిత్రలో అలా జరగలేదు. 1899 నవంబరు 15న దక్షిణాఫ్రికాలో బోయర్లు (అక్కడ స్థిరపడిన డచ్ సంతతివారు) బ్రిటిష్ కవచ రైలును చీవ్‌లీ దగ్గర దెబ్బతీసినప్పుడు కవచాన్ని ఛేదించడం మీద ఆధారపడలేదు. పట్టాల మీద అడ్డంకి పెట్టి, ముందు బోగీలు పడిపోయాక కూడా కాల్పులు సాగించారు. విలేకరిగా అందులో ఉన్న విన్‌స్టన్ చర్చిల్ తుపాకీ గుళ్ల మధ్య పట్టాలను ఖాళీ చేయించే పనికి పూనుకున్నాడు. ఇంజను గాయపడినవారితో బయటపడింది, అతను మాత్రం బందీ అయ్యాడు. బల్ల మీద ఆడదగిన ఘట్టానికి ఇంతకంటే ఏం కావాలి?

అందుకే మేము పెట్టుకున్న నియమాలు రైలు కన్నా పట్టాల గురించే ఎక్కువ. వేగానికి మూడు మెట్లు. ఒక వంతులో ఒక్క మెట్టే మారవచ్చు కనుక, పూర్తి వేగంలో ఉన్న రైలు కోరుకున్నచోట ఆగలేదు. శత్రువు తన మందుపాతర ఎక్కడ ఉందో ముందే కాగితం మీద రాసి మడిచి పెడతాడు. మొదటి పేలుడును చదును బోగీ భరిస్తుంది. దాని మీద ఉన్న పట్టాల ముక్కలూ స్లీపర్లూ మరమ్మతుకు పనికొస్తాయి. అయితే సాపర్లు (మరమ్మతు చేసే సైనిక ఇంజనీర్లు) కిందికి దిగి, రెండు వంతుల పాటు కాల్పుల్లో పనిచేయాలి. ఆ రెండు వంతులే మా ఆటల్లో అత్యంత ఉత్కంఠభరితమైనవి. యుద్ధరేఖ ముందుకు జరిగిన కథల్లో గేజి కూడా అడ్డంకి అవుతుంది: రష్యా రైలు పోలండ్‌లోని యూరప్ గేజి మార్గం మీదికి వెళ్లాలంటే, ఒక పట్టాను 89 మిల్లీమీటర్లు జరిపిన తర్వాతే సాధ్యం.

రైలు ఉన్న పక్షానికీ ఒక మాట. 1939 సెప్టెంబరు 1న మోక్రా యుద్ధంలో పోలండ్ కవచ రైలు స్మియావీ, వోలీనియా అశ్విక బ్రిగేడ్‌కు అండగా జర్మన్ 4వ పాంజర్ (ట్యాంకుల) డివిజన్‌తో తలపడింది. వచ్చి, కాల్చి, వెనక్కి తగ్గడంలోనే రైలు బలం. కాబట్టి మా ఆటల్లో అది మూడో వంతులో బల్ల మీదికి వస్తుంది, ఆట ముగిసేలోగా తిరిగి బయటికి చేరితేనే పూర్తి పాయింట్లు.

చోటు మరీ తక్కువైనవారు 1916లో ఒడెస్సాలో నిర్మించిన జామూరెట్స్ నమూనాను చూడవచ్చు. రెండు టరెట్లతో, సొంత మోటార్లతో నడిచే ఒంటరి వాహనం అది. 1918లో రష్యాలో ఉన్న చెక్, స్లోవక్ సైనికుల దళమైన చెకోస్లోవక్ లెజియన్ చేతికి చిక్కి, వారి ఓర్లిక్ కవచ రైలులో భాగమై సైబీరియా మార్గంలో తిరిగింది. ఎన్ని చేతులు మారిందో తెలిస్తే, ప్రత్యామ్నాయ చరిత్రలో దాన్ని ఏ పక్షానికి ఇచ్చినా అసహజంగా తోచదు.

రెండు పక్షాలకూ రైళ్లు ఇవ్వడం ఒకే మార్గం ఉన్న బల్ల మీద రుచించదు; ఎదురెదురుగా నిలబడి పాచికలు వేయడమే మిగులుతుంది. తప్పనిసరిగా కావాలనుకుంటే ఒక లూప్ లైను (పక్కకు చీలి మళ్లీ కలిసే మార్గం) వేసి, రైలును ఆ మార్గంలోకి మళ్లించే పాయింట్ల లీవరు దగ్గర తమ పదాతి దళం ఉన్నవారే వాటిని మార్చవచ్చని నియమం పెట్టుకోవాలి.