బాలబంద తీగ గింజలు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు ఇది చదవండి

సముద్రం ఒడ్డు ఇసుకలో పరుచుకునే బాలబంద తీగ (ఐపోమియా పెస్-కాప్రే) అని చెప్పి నాకు అంటగట్టినవి తోటల్లో పెంచే మామూలు మార్నింగ్ గ్లోరీ గింజలు. ఉప్పుగాలికి తట్టుకుంటుందని కొన్నది ఉప్పుగాలికే మాడిపోయింది.

మొలక దశలో ఈ మోసాన్ని పట్టుకోవడం కష్టం. రెండింటికీ గింజలోంచి వచ్చే మొదటి జంట ఆకులు మధ్యలో చీలే ఉంటాయి. ఫోటో పంపితే అమ్మినాయన "చూశారా, ఆకు చీలింది, అసలైనదే" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన ఆకులేమో పల్చగా, నూగుతో, కొస తేలి హృదయాకారంలో ఉన్నాయి. తీగ నేల మీద పాకడం మానేసి పక్కనున్న కర్రకు చుట్టుకుంది. మళ్లీ ఫోటో పంపేసరికి రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. వాళ్లకు కావలసిందీ అదే.

అందుకే గింజ దగ్గరే పట్టుకోవాలి. అసలు గింజ లావుగా ఉంటుంది, ఒళ్లంతా గోధుమరంగు నూగు పట్టి ముఖమల్ గుడ్డలా తగులుతుంది. నాకొచ్చినవి చిన్నవి, నల్లటివి, నున్నటివి. డబ్బు కట్టకముందే గింజను అరచేతిలో పెట్టి ఫోటో తీసి పంపమనండి. పువ్వు ఫోటోలు ఎవరైనా ఎక్కడి నుంచైనా తెచ్చి పెడతారు. అందులోనూ నీలం పువ్వు కనిపిస్తే ఇక బేరమే వద్దు, దీని పువ్వు గులాబీ కలిసిన ఊదా రంగు.

ప్యాకెట్‌తో వచ్చిన కాగితం ఇంకో వింత. నానబెట్టకుండా వేయమని, మొలిచాక ఉప్పునీళ్లు పోయమని రాశారు! సముద్రంలో తేలుతూ ఎంతో దూరం కొట్టుకుపోయినా చెడని గింజ అది, పెంకు అంత గట్టిది. కాస్త గీరి నానబెడితేనే త్వరగా మొలుస్తుంది. ఇక ఉప్పంటారా, తట్టుకుంటుందే గానీ ఉప్పు లేకపోతే బతకదని కాదు. దానికి కావలసింది నిండు ఎండ, నీళ్లు నిలవని ఇసుక.

వీలైతే గింజల కంటే తీగ ముక్కలే నయం. ముదురు ఆకు మందంగా, నున్నగా, కొసన రెండుగా చీలి ఉంటుంది కాబట్టి చూడగానే తెలిసిపోతుంది. కణుపులున్న ముక్కలే అడగండి, వేళ్లు దిగేది అక్కడే.

నాలాగే తప్పుడు గింజలు వేసినవాళ్లు పువ్వు కాయ కట్టకముందే పీకేయండి. తోట రకం గింజ ఒకసారి రాలిందంటే మళ్లీ మళ్లీ మొలుస్తూనే ఉంటుంది.